బూటు కింద చక్రాలు

పిల్లలూ! వంకాయ రోడ్డుమీద పరుగెత్తడం మీరెప్పుడైనా చూశారా? బూటు? క్రికెట్ బంతి? హైదరాబాదులో బహదూర్‌పురా దగ్గర, జంతు ప్రదర్శనశాలకు కొద్ది దూరంలో, సుధా కార్ల మ్యూజియం ఉన్నది. అక్కడి కార్లన్నీ ఇటువంటివే. వాటిని తయారుచేసిన సుధాకర్‌గారికి బడికి పోయే రోజులనుంచీ ఇదే పిచ్చి. ఆయన 2005లో నలభై ఒక్క అడుగుల పైచిలుకు ఎత్తున మూడు చక్రాల సైకిలు కట్టి, తొక్కి చూపించి, గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. మ్యూజియం 2010లో తెరిచారు.

మీరు వేల్పూరు పిల్లలైతే, ఆర్మూరు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోవచ్చు. అయితే ఈసారి మీరొక్కరే కాదు, నాలుగేళ్ళ తమ్ముణ్ణో చెల్లెల్నో కూడా వెంటబెట్టుకుని పోతారనుకుందాం. నాన్నగారు, "ఎట్లాగూ వచ్చాం గదా, జంతువులను కూడా ఇవాళే చూసేద్దాం" అంటారు. వద్దని చెప్పండి. చంటివాడికి ఒక రోజుకు ఒక వింత చాలు. రెండోది చూపించబోతే వాడు భుజంమీద నిద్రపోతాడు, మోసేది నాన్నగారే!

లోపలికి పోయాక పెద్దలు బోర్డులు చదువుతూ నడుస్తారు. చంటివాడు మాత్రం చక్రం దగ్గర ఆగిపోతాడు. ఎందుచేతనంటే వాడి కళ్ళకు ఎదురుగా ఉండేది అదే. వాణ్ణి లాక్కుపోకండి. మీరూ వాడి పక్కన గొంతుక్కూచుని చూడండి. అప్పుడు వాడు అడుగుతాడు: "బూటు ఎట్లా నడుస్తది?"

మంచి ప్రశ్న! బూటు నడవదు. బూటు పైతొడుగు మాత్రమే. దాని కింద చక్రాలూ, ఇంజనూ, స్టీరింగూ, బ్రేకూ ఉన్నాయి. వంకాయ కిందా అవే, బంతి కిందా అవే. వాటిని ఒక్కొక్క బండికీ వెదికి పట్టుకోవడం వాడికి ఆటగా నేర్పండి.

మీకు ఇంకొంచెం కష్టమైన ఆట ఉన్నది. రెండు సీసా మూతలకు నడుమ చిల్లులు చేయించి, ఒక పుల్లకు రెండు కొసలా గట్టిగా బిగించండి. తిన్నగా దొర్లిస్తే హాయిగా పోతుంది. గుండ్రంగా తిప్పబోండి, ఏదో ఒక మూత నేలను గీరుకుంటూ ఈడ్చుకుపోతుంది. మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపుది తక్కువ దూరం పోవాలి. రెండూ పుల్లకు బిగిసి ఉంటే ఎట్లా కుదురుతుంది? ఇప్పుడు ఒక మూతను వదులు చేయండి. చక్కగా తిరిగింది కదూ!

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు ఇరుసుమీద దేనికది తిరుగుతాయి. బోధనులో 1937లో స్థాపించిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అది నడిచిన రోజుల్లో చెరకు మోసిన ఎడ్లబండ్ల సంగతి మీ తాతనడగండి, చక్రం ఎట్లా ఊడదీసి కందెన పెట్టేవారో చెబుతాడు. కాని ఎడ్లబండిని లాగేది ఎద్దులు. కారులో ఇంజనే చక్రాలను తిప్పాలి. మరి వాటిని వదులుగా వదిలేస్తే ఎట్లా? అందుకని రెంటికీ నడుమ కొన్ని పళ్ళ చక్రాలు అమర్చారు. అవి రెండువైపులకూ బలం పంపుతూనే, ఒక చక్రం వేగంగా, ఒకటి నిదానంగా తిరగనిస్తాయి. దీనిని డిఫరెన్షియల్ అంటారు. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు దీనిని రూపొందించాడు.

పసుపు చేలో ట్రాక్టరు బురదలో దిగబడితే ఒక చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది, రెండోది కదలదు. అదీ ఈ డిఫరెన్షియల్ చేసే పనే! అప్పుడు డ్రైవరు ఒక పెడలు నొక్కుతాడు. రెండు చక్రాలూ మళ్ళీ పుల్లకు బిగించిన మూతల్లాగా అయిపోయి బండి గట్టెక్కుతుంది.

మరోసారి పట్నం పోతే చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించమని పురమాయించాడు గాని, అది రాకముందే 1911లో చనిపోయాడు.

ఇక ఈ మాట అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి. బూటు కారు చూసి వచ్చిన చంటివాడు ఇంటిముందు కారును కూడా ఆటబొమ్మే అనుకుంటాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో వీధినిండా కార్లు నిలుస్తాయి, పిల్లలు దాగుడుమూతలాడుతారు. తలుపు తీసుకుని లోపల దూరినవాడికి మళ్ళీ తీయడం చేతకాకపోవచ్చు. అద్దాలగుండా ఎండ లోపలికి వస్తుంది, వేడి మాత్రం బయటికి పోలేదు. పది నిమిషాల్లోనే లోపల సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద లాభం లేదు. పెద్దవాళ్ళ కంటె చంటిపిల్లల ఒళ్ళు మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఇట్లా పిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి.

కారు ఆపగానే తాళం వేయాలి. వేసేముందు వెనకసీటు చూడాలి. తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టాలి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో నాన్నగారితో చూసి, తమ్ముడిచేత నాలుగుసార్లు నొక్కించండి. ఎప్పుడైనా వాడు కనబడకపోతే ముందు నీళ్ళున్న చోట్లూ, కార్ల లోపలా, డిక్కీల్లోనూ చూసి, ఆ తరువాతే పక్కిళ్ళు వెదకండి.