అమీర్‌పేట బస్సెక్కే ముందు విశాఖ వైపు చూడండి

నరసరావుపేటలోనో, మాచర్లలోనో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నారా? తర్వాతేంటని ఎవరైనా అడిగితే ‘అమీర్‌పేట వెళ్లి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తా’ అనే మాటే మీ నోట వస్తుందని నాకు తెలుసు. తప్పేం లేదు. కానీ నాలుగేళ్లు చదివిన సబ్జెక్టుకు సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

యుద్ధనౌకల్లో ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ వ్యవస్థలుంటాయి. శత్రువు రాడార్ తరంగాన్ని ముందే పసిగట్టడం, అది ఎవరిదో గుర్తుపట్టడం, అవసరమైతే జామ్ చేయడం వాటి పని. నౌకాదళం కోసం ‘శక్తి’ అనే వ్యవస్థను రూపొందించింది హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఎల్ఆర్ఎల్. తయారీ బీఈఎల్‌ది. 150కి పైగా చిన్న పరిశ్రమలు ఇందులో పాలుపంచుకున్నాయి. మొదటి సెట్‌ను ఐఎన్ఎస్ విశాఖపట్నంలో బిగించారు. ఆ నౌక 2021 నవంబరులో దళంలో చేరింది.

ఇంతవరకూ వార్తల్లో వచ్చేదే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నౌక పాతికేళ్లో, ముప్పయ్యేళ్లో సముద్రంలో ఉంటుంది. లోపలి బోర్డులో వాడిన చిప్‌ను కంపెనీ అంతకు చాలా ముందే ఆపేస్తుంది. అప్పుడు ఒక్క కార్డు పోయినా స్పేర్ దొరకదు. మీ ఊరి మోటారు వైండింగ్ షాపు గుర్తుందా? బోరు మోటారు కాలిపోతే కొత్తది కొనమని ఎవరూ చెప్పరు. చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి చూసి, మళ్లీ చుట్టేస్తారు. ఇక్కడా జరిగేది అలాంటిదే. పాత బోర్డు ఏం చేస్తోందో అర్థం చేసుకుని, అదే కనెక్టరుకు, అదే సప్లైకి సరిపోయేలా కొత్తది తయారు చేయాలి.

తేడా ఒక్కటే, అదే పెద్దది. నౌకలోకి వెళ్లే భాగం జేఎస్ఎస్ 55555 పరీక్షలు తట్టుకోవాలి. అదురు, తేమ, ఉప్పు గాలి అన్నీ అందులో ఉంటాయి. పక్కనున్న పరికరాలతో గొడవ పడకూడదు కూడా. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను ఎక్సోసెట్ క్షిపణి తాకినప్పుడు 20 మంది చనిపోయారు. ఆ సమయంలో నౌకలోని ఉపగ్రహ టెర్మినల్ పనిచేస్తుండటంతో, రాడార్లను పసిగట్టాల్సిన పరికరం సరిగ్గా వినలేకపోయింది. ఈఎంఐ, ఈఎంసీ అంటే సిలబస్‌లో వదిలేసే యూనిట్ అనుకోకండి.

మరి దారేంటి? ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేసినవాళ్లకు విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది. గత నోటిఫికేషన్లలో పదో తరగతిలో 50, ఐటీఐలో 65 శాతం మార్కులు అడిగారు, రాతపరీక్షా ఉంటుంది. బీటెక్ వాళ్లకు బీఈఎల్ ట్రైనీ ఇంజినీర్ పోస్టులు. నిజం చెప్పాలంటే ఇవి తాత్కాలికం. మొదటి ఏడాది నెలకు 30 వేలు ఇచ్చారు, రెండు మూడేళ్లకు ముగుస్తాయి. ‘పర్మనెంట్ చేయిస్తా, డబ్బు కట్టు’ అనేవాడు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నా దృష్టిలో మెరుగైన మెట్టు హైదరాబాద్‌లోని చిన్న కంపెనీలు. జీతం మొదట్లో తక్కువే, కానీ బోర్డు గీయడం నుంచి టెస్టింగ్ దాకా మీ చేతుల మీదుగానే నడుస్తుంది.

రక్షణ శాఖ 2020లో తెచ్చిన సృజన్ పోర్టల్ ఒకసారి తెరవండి. దిగుమతి చేసుకుంటున్న విడిభాగాల్లో ఇక్కడే తయారుచేయాలని కోరుతున్నవి అందులో కనిపిస్తాయి.

ఇంకొక్క మాట. ఫైనలియర్ ప్రాజెక్టును షాపులో కొనకండి. మూలన పడున్న పాత సెట్‌టాప్ బాక్సో, మోటారు స్టార్టర్ ప్యానెలో తీసుకోండి. దాని సర్క్యూట్ గీయండి, పోయిన భాగానికి ప్రత్యామ్నాయం వెతకండి, టంకం వేసి పనిచేయించండి. ఏది కుదిరిందో, ఏది కాలిపోయిందో నోట్‌బుక్‌లో తేదీలతో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి.