యానిమేషన్ విద్యలో అభ్యాసం విలువ

కళలన్నింటిలోనూ కాలంతో అత్యంత సన్నిహితమైన సంబంధం గలది యానిమేషన్ అని చెప్పవచ్చును. చిత్రకారుడు ఒక క్షణాన్ని పటంపై నిలుపుతాడు. యానిమేషన్ కళాకారుడో, ఆ క్షణాన్ని ముక్కలుగా విడదీసి, ముక్క ముక్కకూ ఒక బొమ్మ గీసి, వాటన్నింటినీ వరుసగా నడిపించి తిరిగి ప్రాణం పోస్తాడు. తెరపై ఒక సెకనుకు 24 చట్రాలు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రాలకు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు కావలసి ఉంటాయి. ఈ విద్యకు ఎంతటి ఓర్పు అవసరమో గ్రహించటానికి ఈ లెక్క ఒక్కటే చాలును.

ఇది మన దేశానికి నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగం ఏర్పడినప్పుడు, డిస్నీ సంస్థలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ మన యువకులకు పాఠాలు చెప్పారు. రామ్ మోహన్ వంటి వారు ఆ శిక్షణలోనే ఎదిగారు. 2008లో హైదరాబాదులో రూపొందిన ఛోటా భీమ్ దేశమంతటా పిల్లల మనసులు చూరగొన్నాడు. అదే సంవత్సరం ఈ నగరంలో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో పట్టా చదువు కూడా ఉన్నది. కనుక మన పిల్లలు కొందరు ఈ దారి పట్టటంలో ఆశ్చర్యమేమీ లేదు. వారి ఎదుగుదలను మనం దేనితో కొలుస్తున్నామన్నదే ఆలోచించవలసిన విషయం.

సాధారణంగా చదువు చివర విద్యార్థి కూర్చి చూపే రెండు నిమిషాల మెరుపుల మాలికను చూసి, ఇతడు నేర్చినవాడు, ఇతడు నేర్వనివాడు అని తీర్పు చెబుతున్నారు. మొదటి సంవత్సరం నుండి తరగతిలో చేసిన చిన్న చిన్న అభ్యాసాలు మార్కులు పడిన మరునాడే అటకెక్కుతున్నాయి. ఇది సరికాదని నా అభిప్రాయం. కళాకారుడు ఎదిగేది ఆ అభ్యాసాలలోనే. చివరి చిత్రం ఆ ఎదుగుదలకు సాక్ష్యం మాత్రమే.

ఆ అభ్యాసాలు ఎట్టివో తెలియని పాఠకుల కొరకు రెండు మూడు మాటలు చెబుతాను. మొట్టమొదట ఇచ్చేది ఎగిరిపడే బంతి. చూడబోతే పసిపిల్లల ఆట వలె ఉంటుంది. కాని బంతి పైకి పోయి వెనుదిరిగే చోట బొమ్మలు దగ్గర దగ్గరగానూ, వేగంగా నేలకు దిగే చోట దూర దూరంగానూ ఉండవలెను. నేలను తాకినప్పుడు రబ్బరు బంతి కొంచెం నొక్కుకొనవలెను. ఇనుపగుండు ఏమాత్రం నొక్కుకొనరాదు. ఒకే వృత్తం గీసి, ఇది రబ్బరు, ఇది ఇనుము అని చూపరికి కేవలం కదలికతో తెలియజెప్పగలిగిన నాడు విద్యార్థికి బరువు అంటే ఏమిటో తెలిసినట్లు.

తరువాత సగం నిండిన పిండిసంచి. దానికి కన్ను లేదు, నోరు లేదు, చేయి లేదు. అయినా అది సంతోషించవలెను, అలసిపోవలెను, అలగవలెను. ముఖం లేని వస్తువుతో మనసు పలికించటం ఎంత కష్టమో ప్రయత్నించిన వారికే తెలుసు. ఆ పిమ్మట నడక. మడమ నేలను తాకటం, దేహభారం ఒక కాలి నుండి మరొక కాలికి మారటం, ఆ మార్పులో తల కొంచెం కిందికి దిగి పైకి లేవటం, ఇవన్నీ వరుసగా గీయవలసినవే. మూట మోసే కూలీ నడక వేరు, బడి వదలగానే పరుగెత్తే బాలుని నడక వేరు, ఊతకర్రతో మసీదు మెట్లెక్కే వృద్ధుని నడక వేరు. ఈ పాఠం కొరకు విద్యార్థి వీధిలోకి వచ్చి మనుషులను చూడక తప్పదు. అంతవరకు చూస్తూ చూడకుండా పోయిన లోకాన్ని అతడు మొదటిసారి శ్రద్ధగా చూస్తాడు. అతని కళ అక్కడే మొలకెత్తుతుంది.

ఈ మాట మన సంప్రదాయానికి కొత్తది కానే కాదు. ఉర్దూ లేఖన కళలో 'మష్ఖ్' అనే పద్ధతి ఉన్నది. ఖుష్‌నవీసు వద్ద చేరిన శిష్యుడు అలిఫ్‌ను, బే ను పదేపదే వ్రాస్తాడు. కలం మొనతో పెట్టిన చుక్కలే అక్షరానికి కొలత. ఆ పుటలు అమ్మకానికి పనికిరావు, గోడకు వ్రేలాడదీయటానికి పనికిరావు. అయినా ఆ పుటలు లేనిదే చేయి కుదరదు. యానిమేషన్ విద్యార్థి బంతి, సంచి, నడక కూడా అట్టి మష్ఖ్ పుటలే.

తరగతి అభ్యాసం ఒక్కొక్కప్పుడు ఎంత దూరం పోగలదో తెలుసుకొనుటకు బ్రిటన్‌కు చెందిన నిక్ పార్క్ కథ మంచి ఉదాహరణ. ఆయన అక్కడి నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూలులో చదువుతూ 1982లో 'ఎ గ్రాండ్ డే అవుట్' అనే చిత్రాన్ని విద్యార్థి ప్రాజెక్టుగా ప్రారంభించాడు. మెత్తని ప్లాస్టిసిన్ ముద్దతో బొమ్మలు చేసి, వాటిని వెంట్రుకవాసి జరిపి, జరిపినప్పుడల్లా ఒక్కొక్క చట్రం తీయవలసిన పని అది. చదువు గడువు ముగిసినా చిత్రం ముగియలేదు. 1985లో ఆయన ఆర్డ్‌మన్ సంస్థలో చేరి, అక్కడి వారి సహాయంతో కొనసాగించి 1989లో పూర్తి చేశాడు. ఏడు సంవత్సరాల శ్రమకు వచ్చిన ఫలం 23 నిమిషాల చిత్రం.

ఆ ఏడు సంవత్సరాలలో ఆయన కనుగొన్నదేమిటో గమనించండి. గ్రోమిట్ అనే కుక్కకు మొదట నోరు, మాట ఉండవలెనని తలచాడు. ఒక దృశ్యంలో బొమ్మ నోటిని కదిలించటానికి వీలు చిక్కక, కనుబొమలను, తలను మాత్రమే కదిలించి చూశాడు. మాట లేకనే ఆ కుక్క సమస్త భావాలనూ పలికింది! అంతటితో నోటిని మానివేశాడు. నేడు ప్రపంచమంతటికీ పరిచితమైన ఆ మూగపాత్ర ఒక విద్యార్థికి ఎదురైన ఇబ్బంది నుండి పుట్టినదే. 1991లో ఆస్కార్ బహుమతికి ఆ చిత్రమూ, ఆయనదే 'క్రీచర్ కంఫర్ట్స్' అనే మరొక చిత్రమూ పోటీపడగా, రెండవది గెలిచింది. గడువు దాటిన ప్రాజెక్టు గనుక పనికిమాలినదని ఆయనే దానిని వదలివేసి ఉంటే, గ్రోమిట్ వంటి పాత్ర మనకు దక్కేదా?

ఇక్కడ కొందరు ఒక ఆక్షేపణ తెస్తారు. కాలం మారింది, కంప్యూటరు వచ్చింది, నాలుగు మాటలు వ్రాసి ఇస్తే కృత్రిమ మేధ క్షణంలో కదిలే బొమ్మ చేసి ఇస్తున్నది. ఇంకా పెన్సిలు, కాగితం, ఎగిరే బంతి ఎందుకు? ఉద్యోగానికి కావలసిన సాఫ్ట్‌వేర్ నేర్పితే చాలదా? అని. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. ఇల్లు గడవటమే కష్టమైన కుటుంబాల నుండి వచ్చి, అప్పుచేసి ఫీజు కట్టిన విద్యార్థికి ఉద్యోగం అవసరమే. కాని ఆ అవసరం రీత్యానే అభ్యాసం మరింత ముఖ్యమని నా వాదన.

సాఫ్ట్‌వేర్ నాలుగేండ్లకు ఒకసారి రూపు మార్చుకొంటుంది. అమెరికాలో 1930 ప్రాంతాల డిస్నీ కళాకారులు పెన్సిలుతో సాధించిన సూత్రాలను ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో 12 సూత్రాలుగా గ్రంథస్థం చేశారు. నేటి కంప్యూటరు తరగతులలోనూ అవే పాఠాలు. ఉర్దూ లిపి చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1981లో నస్తాలీఖ్ లిపి యంత్రానికి ఎక్కినప్పుడు, దాని వెనుక మీర్జా అహ్మద్ జమీల్ అనే లేఖకుడు స్వహస్తంతో వ్రాసిన వేలకొలది అక్షర సంయోగాలు ఉన్నాయి. చేయి నేర్చిన దానినే యంత్రం నేర్చింది. యంత్రం ఇచ్చిన బొమ్మలో బరువు ఎక్కడ తప్పిందో, నడక ఎందుకు తేలిపోయిందో చెప్పగలవాడు పనికి వస్తాడు. బొత్తాము నొక్కటం మాత్రమే తెలిసినవాని స్థానాన్ని మరొక బొత్తాము ఆక్రమిస్తుంది.

సాధనాల కొరత నేడు పెద్ద అడ్డంకి కూడా కాదు. లాట్వియా దేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ 2019లో 'అవే' అనే పూర్తి నిడివి చిత్రాన్ని ఒంటరిగా నిర్మించాడు. ఆ అనుభవంతో, ఉచితంగా లభించే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో, కొద్దిమంది సహచరులతో 2024లో 'ఫ్లో' అనే చిత్రం తీశాడు. మాటలు లేని ఆ చిత్రం 2025లో ఆస్కార్ అందుకొన్నది. దీనిని బట్టి ఖరీదైన యంత్రం కంటే వరుసగా చేసిన సాధనే మిన్న అని తెలియటం లేదా?

కనుక యానిమేషన్ బోధించే విద్యాసంస్థలకు మూడు సూచనలు చేయదలచాను. మొదటిది, ప్రతి విద్యార్థి మొదటి సంవత్సరపు అభ్యాసాలను భద్రపరచి, చివరి సంవత్సరంలో అతని చిత్రంతో పాటు ప్రదర్శించవలెను. తొలినాటి తడబడే నడకను, చివరినాటి నిబ్బరమైన నడకను పక్కపక్కన చూసినప్పుడే ఎదుగుదల కంటికి కనబడుతుంది. రెండవది, మార్కులలో కొంత భాగాన్ని స్కెచ్ పుస్తకానికి, విఫలమైన ప్రయత్నాలకు, వాటిని సవరించుకొన్న తీరుకు కేటాయించవలెను. తప్పు చేయటానికి జంకే విద్యార్థి కొత్తది కనుగొనలేడు. మూడవది, ఒక ప్రాజెక్టు అయినా విద్యార్థి సొంత వీధి నుండి, సొంత భాష నుండి పుట్టవలెను. కీళ్లు కట్టిన తోలుబొమ్మ తెరపై ఎట్లా నడుస్తుందో అనంతపురం సీమలోని నిమ్మలకుంట కళాకారుల వద్ద నేర్చుకొనవచ్చును. చార్మినారు వద్ద గాజుల బేరం, రంజాన్ రాత్రి హలీం బట్టీ వద్ద సందడి, పొలం గట్టున నీళ్లు మళ్లించే రైతు, ఇవన్నీ కదలికల నిధులు. పరాయి దేశపు బొమ్మలను అనుకరించి చేసిన పది చిత్రాల కంటే ఇట్టిది ఒక్కటి మేలు.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని రాత్రంతా మేలుకొని ఒక బంతిని వందసార్లు గీస్తే, ఇదేమి చదువని విసుగుకొనకండి. వైద్య విద్యార్థి ఎముకల పేర్లు వల్లించినట్లు, సంగీత విద్యార్థి సరళీ స్వరాలు సాధన చేసినట్లు, వారు తమ విద్యకు పునాది వేసుకొంటున్నారు.

ఇక విద్యార్థి మిత్రులారా! పక్కవాని బొమ్మ మీ బొమ్మ కంటే మెరుస్తున్నదని కుంగిపోకండి. నిరుటి మీ బొమ్మతో నేటి మీ బొమ్మను పోల్చి చూసుకొనండి. నిరుడు చూడలేని దోషం నేడు మీకు కనబడితే మీ కన్ను ఎదిగింది. ఆ దోషాన్ని మీ చేతితో మీరే సవరించగలిగితే మీ కళ ఎదిగింది. పట్టా మీద ఈ రెండింటి ప్రస్తావన ఉండదు. కాని మీ జీవితాంతం మీకు అన్నం పెట్టేవి ఇవే.