చుట్టీ పైసలు ఎవడబ్బ సొమ్ము?

రెండేండ్లకోసారి చుట్టీ మీద ఇంటికొచ్చే గల్ఫ్ కార్మికునికి కంపెనీ ఇచ్చే లీవ్ శాలరీని మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఇంకా దయ కిందనే లెక్క కడుతున్నరు. ఇస్తే కంపెనీ మంచిది, ఇయ్యకుంటే మన నసీబు. ముందుగాల ఈ నసీబు మాటను తగలబెట్టాలె.

అది బాకీ. యూఏఈలో ఏడాది పనిచేసినోనికి జీతంతో 30 రోజుల సెలవు చట్టంలోనే ఉన్నది. సౌదీలో 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేండ్లు నిండితే 30. సెలవు వాడుకోకుండ కొలువు ముగిసినా ఆ రోజుల పైసలు కట్టియ్యాల్సిందే. నెలకు వెయ్యి దిర్హాముల మూలజీతమున్నోడు దుబాయ్‌ల రెండేండ్లు సెలవు ముట్టకుండ పనిచేస్తే, కంపెనీ అతనికి రెండు వేల దిర్హాములు బాకీ పడ్డట్టే. వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి కట్టేటోనికి అది చిల్లర కాదు.

మరి ఆ పైసలు యాడికి పోతున్నయి? ఫ్లైటుకు ఒక పూట ముందు క్యాంపు ఆఫీసుకు పిలుస్తరు. బల్ల మీద అరబ్బీ కాగితం. పాస్‌పోర్టు, టికెట్ గుమాస్తా మోచేతి కింద. ‘దస్తఖత్ కరో, జల్దీ’ అంటడు. ఏం రాసిండ్రని అడిగితే ‘హిసాబ్ బరాబర్’ అంటడు. జీతం, సెలవుల పైసలు, సర్వీసు పైసలు అన్నీ ముట్టినయని అండ్ల రాసి ఉంటది. చేతికి ముట్టింది టికెట్ ఒక్కటే. పట్టపగలు చేసే ఈ దొంగతనానికి సంతకం మాత్రం మనోనిది.

సర్కారు ఏంజేసింది? 2020 మే నుంచి, కరోనా కాలంల మనోళ్లను వాపస్ తెచ్చిన వందే భారత్ విమానాలల్ల కొలువు ఊడినోళ్లు బకాయిలు అక్కడే ఇడిసిపెట్టి దిగిండ్రు. ఆ బాకీలు అడగాల్సిన ఢిల్లీ, అదే సెప్టెంబర్‌ల గల్ఫ్‌కు పోయే మనోళ్లకు తానే ఖరారు చేసిన కనీస రిఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం కోసింది. లొల్లి తెలంగాణ హైకోర్టు దాక పోయినంక, 2021 జులైల వెనక్కి తీసుకున్నది. వసూలు చేయాల్సినోడే కూలి రేటు తగ్గిస్తే ఇగ ఎవనికి మొరపెట్టుకోవాలె?

కేసు వేసుకోవచ్చు గదా అంటరు పెద్దమనుషులు. సౌదీలో కొలువు ముగిసిన ఏడాదిలోపు, యూఏఈలో ఇప్పుడు రెండేండ్లలోపు వేయాలె. కోరుట్లల కూసున్నోడు రియాద్‌ల ఎవరినన్న తన తరఫున నిలబెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ, నోటరీ, విదేశాంగ శాఖ ముద్ర, అరబ్బీ తర్జుమా. ఈ తిరుగుడుకే రావాల్సిన పైసలల్ల పెద్ద ముక్క కరుగుతది. కంపెనీకి ఈ సంగతి మంచిగ ఎరుక. అందుకే గడువు దాటేదాక ‘కల్ ఆవ్’ అంటనే ఉంటది.

దారి లేక కాదు. ఫిలిప్పీన్స్ 1995లనే చట్టం చేసింది: వలస కార్మికునికి రావాల్సిన పైసలకు విదేశీ యజమానితోపాటు పంపిన ఏజెన్సీ కూడ పూచీ. అక్కడి కార్మికుడు కేసు తన దేశంలనే వేస్తడు. మన దగ్గర 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సున్న పెద్ద ఏజెంటు 50 లక్షల బ్యాంకు గ్యారంటీ కడ్తడు. మనిషిని ఎక్కించినప్పుడు పైసలు తీసుకున్నోడు, అతని బాకీ మునిగినప్పుడు ‘నాకేం సంబంధం’ అంటే ఎట్ల చెల్లుతది? ఆ గ్యారంటీల నుంచే సెలవుల పైసలు ఇప్పియ్యాలె. ఏజెంటు తర్వాత కంపెనీ గల్లా పట్టుకుంటడో, కాళ్లు మొక్కుతడో అది వాని తిప్పలు. లైసెన్సు లేని దళారులు విజిట్ వీసాల మీద పంపినోళ్ల కాగితాలు, ముద్రల ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలె. దానికి కరీంనగర్ కలెక్టరేట్‌ల ఒక బల్ల, ఇద్దరు గుమాస్తాలు, అరబ్బీ వచ్చిన ఒక్క మనిషి చాలు.

గల్ఫ్‌ల సచ్చిపోయినోని ఇంటికి ఐదు లక్షలు ఇస్తమని 2024ల ఇదే రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ శవానికి లెక్క కట్టొచ్చిన సర్కారుకు, బతికొచ్చినోని బాకీ వసూలు చేసుడు చేతకాదంటే నమ్మేటోళ్లు ఎవ్వరూ లేరు.