వేదిక ఎక్కని విజయాలు

అర్ధ సంవత్సరం ముగిసేసరికి మండపేట ఉన్నత పాఠశాలల్లో ఆటలు, వ్యాసరచన, వైజ్ఞానిక ప్రదర్శనల్లో గెలిచిన పిల్లలు వేదికపై నిలుస్తారు. వారందరినీ మనసారా అభినందిద్దాం. అయితే ఎనిమిదో తరగతి దాటి, పెళ్లి మాటలనూ ఇంటి పనులనూ తట్టుకొని తొమ్మిదిలో కొనసాగుతున్న బాలికది కూడా విజయమే. దానికి మాత్రం బహుమతి లేదు.

ఆరు నుంచి పద్నాలుగేళ్లలోపు ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడిలో చేరనివారో, చేరి మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఇచ్చే రక్షణ పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. సరిగ్గా ఉన్నత పాఠశాల మెట్టు మీదే చట్టం చేయి వదులుతున్నది. అక్కడ పిల్లను నిలబెట్టవలసింది ఇల్లూ, బడీ, జమాతే.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకు, సగం స్థానాలు మహిళలకు దక్కాలన్నది కూడా ఆ చట్టమే. 2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం ఒకే రోజున జరిగింది. ఇలాంటి సమావేశాలకు మన తల్లులు చప్పట్లు కొట్టడానికే వెళ్లకూడదు. తరగతివారీ హాజరు అడగాలి. రాని పిల్లల ఇళ్లకు ఉపాధ్యాయులతో కలిసి వెళ్లాలి. జుమా నమాజు తరువాత పెద్దలు మార్కులతో పాటు చదువు ఆపని పిల్లల్నీ మెచ్చుకోవాలి.

సంక్రాంతి సెలవుల అనంతరం ఏ బెంచీలోనూ ఖాళీ కనిపించకపోతే, అదే మన ఊరి బడికి పెద్ద పండుగ.