సీసీఐఈ ల్యాబ్: బంగారం తాకట్టు పెట్టే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

నెట్‌వర్కింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో సీసీఐఈ అన్న మాట కొత్తేమీ కాదు. "ఆ ఒక్క సర్టిఫికెట్ ఉంటే దుబాయ్‌లో, రియాద్‌లో జీతం గురించి అడగక్కర్లేదు" అని బంధువులెవరో ఫోన్‌లో చెబుతారు. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీదా అదే పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. దాంతో బీటెక్ అయిన ఆరు నెలలకే ఫీజు కోసం ఇంట్లో బంగారం మాట వస్తుంది. పిల్లాడి మీద నమ్మకం ఉండటం మంచిదే. కానీ ఆ పరీక్ష ఎవరి కోసం పెట్టారో తెలియకుండా డబ్బు కట్టేస్తే నష్టపోయేది ఇల్లంతా.

అసలు ఏమిటీ పరీక్ష?

బ్యాంకుల డేటా సెంటర్ల లాంటి చోట్ల వాడే నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే అమెరికా కంపెనీ సిస్కో 1993లో ఈ పరీక్ష మొదలుపెట్టింది. మొదట్లో ల్యాబ్ రెండు రోజులు సాగేది. 2001లో దాన్ని ఒక్క రోజుకు, ఎనిమిది గంటలకు కుదించారు. పాసైన ప్రతి ఒక్కరికీ ఒక నంబర్ ఇస్తారు. అది మరొకరికి ఇవ్వరు. ఆ వరుస 1024తో మొదలైంది. ఆ మొదటి నంబర్‌ను మనిషికి కాకుండా పరీక్ష పెట్టే ల్యాబ్‌కే ఇచ్చారు.

గల్ఫ్‌లో ఈ నంబర్‌కు అంత విలువ రావడానికి ఒక వ్యాపార కారణం కూడా ఉంది. సిస్కో పరికరాలు అమ్మి, బిగించే కంపెనీలకు గోల్డ్ పార్ట్‌నర్ హోదా కావాలంటే కనీసం నలుగురు సీసీఐఈలు తమ దగ్గర ఉద్యోగంలో ఉండాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. అందుకే కంపెనీలు ఆ నంబర్ ఉన్నవాళ్లను వెతికి మరీ తీసుకునేవి. బంధువులు ఫోన్‌లో చెప్పే కథల్లో చాలావరకు ఆ రోజులవే.

తలుపు తెరిచే ఉంది, అదే చిక్కు

2020 ఫిబ్రవరి 24న సిస్కో తన పరీక్షల్లో చాలావాటిని మార్చింది. పాత రూటింగ్ అండ్ స్విచింగ్ స్థానంలో ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వచ్చింది. ఇప్పుడు ఎన్‌కోర్ అనే రాత పరీక్ష పాసైతే చాలు, ల్యాబ్‌కు అర్హత వచ్చినట్టే. ముందు సీసీఎన్ఏ, సీసీఎన్పీ ఉండి తీరాలన్న షరతు లేదు. అంటే నిన్న కాలేజీ వదిలిన కుర్రాడు కూడా నిబంధనల ప్రకారం ల్యాబ్‌లో కూర్చోవచ్చు.

ప్రకటనల్లో ఈ సంగతి గట్టిగా చెబుతారు. అదే సిస్కో చేసే ఇంకో సూచనను మాత్రం ఎవరూ బోర్డు మీద రాయరు. పెద్ద నెట్‌వర్క్‌లను డిజైన్ చేయడం, బిగించడం, నడపడంలో ఐదు నుంచి ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఈ పరీక్షకు రావాలన్నదే ఆ సూచన. అర్హత ఒకటి, సిద్ధంగా ఉండటం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడాలోనే కుటుంబాల డబ్బు పోతోంది.

ఎనిమిది గంటల్లో ఏం జరుగుతుంది?

పరీక్ష రెండు భాగాలు. మొదటి మూడు గంటలు డిజైన్. ఒక కంపెనీ కథ ఇస్తారు. మెయిల్స్, బొమ్మలు, షరతులు చూపించి ఏ దారి ఎంచుకుంటావు, ఎందుకు అని అడుగుతారు. ఈ భాగంలో ముందుకు వెళ్లాక వెనక్కి వచ్చి జవాబు మార్చుకునే వీలు లేదు. తర్వాతి ఐదు గంటలు చేతిపని. నెట్‌వర్క్ కట్టాలి, పాడైనది బాగుచేయాలి, ఉన్నదాన్ని మెరుగుపరచాలి. రెండు భాగాల్లోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి, మొత్తం మీద కూడా గీత దాటాలి. ఒకదాంట్లో బాగా చేసి ఇంకోదాంట్లో జారితే ఫెయిలే.

చేతిపని భాగంలో అసలు పరీక్ష ఓపికకే. ఒక చిన్న ప్రశ్న దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కున్నవాడికి చివరి గంటలో పెద్ద ప్రశ్నలు మిగిలిపోతాయి. తెలిసినవాళ్లు ముందు మొత్తం పేపర్ చదువుతారు, ఏ పని మీద ఏది ఆధారపడి ఉందో గీసుకుంటారు, ప్రతి పని అయ్యాక నిజంగా నడుస్తోందో లేదో సరిచూసి సేవ్ చేసి ముందుకు వెళ్తారు.

బట్టీ ఎందుకు పనికిరాదు?

ఒక్క ఉదాహరణ చాలు. ఒక కంపెనీలో రెండు ఆఫీసులున్నాయి. ఒక చోట ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి, ఇంకో చోట ఈఐజీఆర్‌పీ అనే పద్ధతి నడుస్తోంది. రెండింటినీ కలుపుతూ రెండు రూటర్లు పెట్టి, ఇటు దారులు అటు, అటు దారులు ఇటు తెలియజేయమన్నారు. నాలుగు కమాండ్లు కొడితే పని అయినట్టే ఉంటుంది. కానీ మొదటి రూటర్ చెప్పిన దారి రెండో రూటర్ గుండా తిరిగి మొదటి చోటికే వస్తుంది. డేటా గమ్యం చేరకుండా గుండ్రంగా తిరుగుతుంది. దారులకు ట్యాగ్ వేసి, తిరిగి వచ్చినవాటిని గుర్తుపట్టి ఆపాలి. ఈ సంగతి అర్థమైనవాడు ప్రశ్నను ఎలా తిప్పి అడిగినా చేస్తాడు. కమాండ్లు బట్టీ పట్టినవాడు ఒక్క షరతు మారగానే ఆగిపోతాడు.

అయినా "అసలు పేపర్ మా దగ్గర ఉంది" అంటూ డంప్స్ అమ్మేవాళ్లు ఉన్నారు. పరీక్ష రాసే ప్రతి ఒక్కరూ ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పందం మీద సంతకం చేస్తారు. మోసం తేలితే ఫలితం రద్దవుతుంది, ఉన్న సర్టిఫికెట్లూ పోవచ్చు, శాశ్వతంగా నిషేధించే అధికారం కూడా సిస్కోకు ఉంది. ఒకవేళ దొరక్కుండా పాసైనా, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆస్పత్రిలోనో బ్యాంకులోనో నెట్‌వర్క్ ఆగిపోయిన రాత్రి అసలు విషయం బయటపడుతుంది. పాసవడం తప్పు దారిలో, జీతం హలాల్ కావాలని కోరుకోవడం, రెండూ ఒకచోట కుదరవు.

డబ్బు లెక్క, ఇంట్లో ల్యాబ్ లెక్క

2020 మార్పుల తర్వాత ఎన్‌కోర్ ఫీజు 400 డాలర్లు, ల్యాబ్ ఫీజు 1600 డాలర్లుగా నడిచింది. ల్యాబ్ ఒక్కదానికే లక్ష రూపాయలు దాటుతుంది. ఫెయిలైతే మళ్లీ కట్టాల్సిందే, చాలామంది మొదటిసారే గట్టెక్కరు. కాబట్టి ఒక్క ప్రయత్నానికి సరిపడా డబ్బు చూసుకుని దిగడం లెక్క తప్పడమే. కోచింగ్, ప్రయాణం, చదువు కోసం వదులుకున్న జీతం వేరే. మన ప్రాంతం వాళ్లకు ఒక్క ఊరట, ల్యాబ్ బెంగళూరులోనే ఉంది, వీసా ఖర్చు లేదు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకు దుబాయ్‌లో ఉంది.

సాధనకు మాత్రం మొదటి రోజు నుంచే లక్షలు అక్కర్లేదు. జీఎన్ఎస్3, ఈవ్ ఎన్‌జీ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఓఎస్‌పీఎఫ్, బీజీపీ, ఎంపీఎల్ఎస్ లాంటివి చాలావరకు ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బయట కోచింగ్‌కు దూరం వెళ్లలేని ఆడపిల్లలకు కూడా ఇది పనికొచ్చే దారి. ఎస్‌డీ వాన్, ఎస్‌డీ యాక్సెస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆధారిత పాఠాలు పూర్తిగా చేయాలంటే మామూలు ల్యాప్‌టాప్ చాలదు. వాటికి గంటల లెక్కన అద్దెకు దొరికే ల్యాబ్‌లు తీసుకోవాలి. ఆ ఖర్చు చివరి నెలల్లో పెడితే చాలు.

మారుతున్న పని

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. సిస్కో తన డెవ్‌నెట్ సర్టిఫికెట్లను 2026 ఫిబ్రవరి నుంచి ఆటోమేషన్ పేరుతో సీసీఎన్ఏ, సీసీఎన్పీ, సీసీఐఈ వరుసలోకే తెచ్చింది. ఎంటర్‌ప్రైజ్ ల్యాబ్‌లో కూడా పైథాన్, ఆటోమేషన్‌కు వాటా ఉంది. వంద రూటర్లకు ఒక్కొక్కటిగా కమాండ్లు కొట్టే ఉద్యోగం తగ్గుతోంది. సౌదీ 2011 నుంచి నితాఖాత్ పేరుతో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల వాటా పెంచుతూ వస్తోంది. అనుభవం లేకుండా కాగితం ఒక్కటి పట్టుకుని వెళ్లేవాడికి ఈ రెండు మార్పులూ కష్టమే. చేతిలో పని ఉన్నవాడికి అంత భయం లేదు.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

అందుకే "పరీక్ష ఎప్పుడు బేటా?" అని అడగడం కంటే వేరే ప్రశ్నలు అడగాలి. ఈ వారం ఎన్ని గంటలు ల్యాబ్ చేశావు? వీడియో చూడకుండా సొంతంగా ఏం కట్టావు? పాడైన నెట్‌వర్క్ ఇస్తే ఎంతసేపట్లో బాగుచేశావు? ఎనిమిది గంటల మాక్ ల్యాబ్ ఎన్నిసార్లు పూర్తిగా కూర్చుని రాశావు? అమ్మానాన్నలకు రూటింగ్ తెలియక్కర్లేదు, జవాబు చెప్పేటప్పుడు పిల్లాడు తడబడితే వాళ్లకు తెలిసిపోతుంది.

వరుస కూడా సులువైనదే. ముందు సీసీఎన్ఏ, దాంతో చిన్నదైనా సరే ఒక ఉద్యోగం. నైట్ షిఫ్ట్ నాక్ అయినా పర్వాలేదు, నిజమైన నెట్‌వర్క్ ఎలా పాడవుతుందో అక్కడే కనిపిస్తుంది. ఎన్‌కోర్ ఎలాగూ సీసీఎన్పీకి కూడా లెక్కకొస్తుంది, కాబట్టి ఆ ఫీజు వృథా కాదు. దానికి ఇంకో ఐచ్ఛిక పరీక్ష కలిపితే సీసీఎన్పీ చేతికొస్తుంది, జీతం పెరుగుతుంది. ల్యాబ్ ఫీజు ఆ జీతంలోంచే కట్టుకోవచ్చు, కొన్ని కంపెనీలు తామే కడతాయి కూడా. అప్పుడు అమ్మ గాజులు తాకట్టుకు పోవు, వడ్డీ అప్పు జోలికి వెళ్లే అవసరమూ రాదు, ఒకసారి ఫెయిలైనా ఇల్లు కుంగిపోదు.