అపశ్రుతి ఎక్కడిది?

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత తెలుగువారికి క్రొత్తది కాదు. తన చేతకానితనమును వాద్యముపై మోపువానిని ఎగతాళి చేయుటకు అది పుట్టినది. ఐతే మద్దెల నిజముగనే ఓడైనచో ఏమి చేయవలెనో ఆ సామెత చెప్పదు. బీట ఎక్కడ నున్నదో వెదకి పట్టుట వేరొక విద్య. ఆ విద్యపై మనకు ఆదరము తగ్గుచున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు పల్లెలలో భజనకు హార్మోనియము ఆయువుపట్టు. ఏకాదశి భజన కానిండు, చిరుతల రామాయణము కానిండు, పెట్టె ముందు కూర్చున్నవాడు శ్రుతి అందీయనిదే ఆట కుదురుకొనదు. అట్టి పెట్టెలో ఒకనాడు జీర పుట్టును. అన్ని మెట్లకు గాదు, ఏదో ఒక్క మెట్టుకే. ఆ స్వరమును తాకినపుడెల్ల సీసాలో చిక్కిన తుమ్మెద వలె జుమ్మను చప్పుడొకటి వెంటబడును. పాడువాడు ముఖము చిట్లించును. పెద్దలు “పెట్టె పాతబడినది” అని తీర్పు చెప్పుదురు. మరుసటి యేడు గల్ఫు నుండి సెలవుపై వచ్చిన యువకుడెవడో విద్యుత్తుతో పలుకు కీబోర్డు నొకదానిని కానుకగా ఇచ్చును. తాతలనాటి పెట్టె అటుక యెక్కును.

కానుక ఇచ్చినవాని భక్తిని శంకింప బనిలేదు. విచారణ లేక పడిన తీర్పే శోచనీయమైనది.

హార్మోనియములో పలుకునది ఇత్తడి నాలుక. ఇత్తడి పలకలో సన్నని చీలిక యుండును. ఆ నాలుక ఒక కొన పలకకు రివెట్టుతో బిగిసి, రెండవ కొన స్వేచ్ఛగా చీలికపై నిలిచి యుండును. తిత్తి గాలి ఆ దారిని పోవునపుడు నాలుక క్షణమునకు వందలసారులు ఊగి స్వరమగును. నాలుకకును చీలిక అంచునకును నడుమ గల ఎడము వెండ్రుకవాసి. అందు ధూళికణము పడినను, పురుగు రెక్క తునుక చిక్కినను జీర పుట్టును. రివెట్టు వదులైనను, నాలుక ప్రక్కకు జరిగి అంచును ఒరసికొన్నను, పలక క్రింది చెక్క బీటవారినను ఫలమదియే. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఈ సీమలో చెక్క యెండి మరచీలలు సడలుటయు, వానకాలమున అదే చెక్క ఉబ్బి మెట్లు బిగియుటయు వింత గాదు.

ఐనను నేర్పరియైనవాడు మొదటనే పెట్టె విప్పడు. ఒకరిని ఆ మెట్టునే అదిమి పట్టియుండుమని చెప్పి, తాను గది యంతయు కలయదిరుగును. పెట్టెపై నుంచిన తాళములను తీసి చూచును. గోడనున్న దేవుని పటపు అద్దముపై వ్రేలు మోపును. కిటికీ రెక్కను, ఇనుప పెట్టె మూతను, పైకప్పు రేకును తాకి చూచును. ప్రతి వస్తువునకును తనదైన కంపన సంఖ్య యొకటి గలదు. గాలిలో ఆ సంఖ్యకు సరిపడు స్వరము మ్రోగినపుడు, ఎవరును ముట్టకయే ఆ వస్తువు వణకును. జీర ఒక్క స్వరమునకే వినబడి తక్కినవానికి వినబడకుండుటకు పలుమారు కారణమిదియే. చేయి మోపగనే చప్పుడు ఆగినచో దొంగ దొరికినట్లే. నెలల తరబడి నింద మోసిన పెట్టె నిర్దోషి. నేరము దాని నెత్తిన కూర్చున్న తాళములది!

గదిలో దొరకనిచో పెట్టె పైభాగమును, కొక్కెములను, మూతను అదిమి చూడవలెను. అప్పటికిని దొరకనిచో రీడు కడకు పోవలెను. సన్నని కాగితపు ముక్కను నాలుక క్రిందుగా మెల్లగ నడిపినచో చిక్కిన దుమ్ము తరచు వెలికి వచ్చును. తొందరపడి ఆకురాయి పట్టువాడు వాద్యమునకు శత్రువు. నాలుక కొన అరిగినచో స్వరము హెచ్చును, మొదలు అరిగినచో తగ్గును. జీరను పోగొట్టబోయి శ్రుతిని పోగొట్టుట ఎలుకపై కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుటయే.

ఈ కష్టము పల్లె హార్మోనియమునకే పరిమితము గాదు. మన చలనచిత్రములలో ధనికుని హాలున కనిపించు పెద్ద పియానోకు 88 మెట్లు, 230కి అటునిటు తంత్రులు. వాని బిగువంతయు కలిపిన 20 టన్నులకు చేరువ. అంతటి ఘనవాద్యములో సైతము ధ్వనిఫలకముపై జారిపడిన పెన్సిలు తునుకయో, సడలిన మూత కీలో, ప్రక్క బల్లపై నున్న దీపపు గాజో జీర పుట్టించి యజమానిని వేధించుట కలదు. అచటి నిపుణుడును ముందు గదినే శంకించును, పిమ్మటనే వాద్యమును.

ఈ వినికిడి విద్య సిరిసిల్లకు పరాయిది కాదు. సాంచాలని అచట పిలుచు మరమగ్గముల హోరులో క్రొత్తవానికి ఒకరి మాట యొకరికి వినబడదు. కాని నాడె నడకలో తేడా వచ్చినచో పాతకాపు చెవి ఇట్టే పసికట్టును. చప్పుడంతయు ఒకటే యనునది తెలియనివాని మాట. తెలిసినవానికి ఏ చప్పుడు పనిదో ఏది పాడుదో వేరువేరుగా వినబడును.

అసలు జీర యంతయు దోషమనుటయు పొరపాటే. తంబురా గుర్రముపై తంత్రి క్రింద నూలుపోగు నుంచి జరుపుట ఆ జుమ్మను నాదము కొరకే. దానినే జీవ మందురు. అదే జీర వీణలో మైనపు మేళము ఎండకు మెత్తబడి మెట్టు క్రుంగినందున వచ్చినచో దోషము. స్వభావమేదో దోషమేదో తెలియకున్న అన్యాయము జరుగును. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించినది. 1971లో గాని ఆ కట్టుబాటు సడలలేదు. మెట్టునకును మెట్టునకును నడుమ జారు గమకము ఆ పెట్టెకు పలుకదను ఆక్షేపణ సత్యమే. కాని అది వాద్యపు హద్దు, నేరము గాదు. రేడియోలో చోటులేని ఆ మూడు దశాబ్దములును అది పద్యనాటక రంగస్థలమున, భజనమందిరమున నిలిచియే యున్నది. పండితులు వెలివేసిన వాద్యమును నిలిపినవారు పామరులు. నేడు ఒక జీరకై వారే దానిని విడుచుట తగునా?

కీబోర్డు చౌక, తేలిక, శ్రుతి తప్పదు అని కొందరందురు. నిజమే. ఐతే అది చెడిననాడు దానిని విప్పి బాగుచేయువాడు ఆ ఊర దొరకుట కష్టము. హార్మోనియము అట్లుగాదు. మరచీల తిప్పుటకు ఒక పనిముట్టు, ఒక కాగితపు ముక్క, ఓపిక గల చెవి యున్నచో దాని కష్టము సగము తీరును. ఆ చెవి గల పెద్దలు ఒకరొకరుగా తగ్గిపోవుచున్నారు. వారి వెనుక కూర్చుండి నేర్చుకొనవలసిన కుర్రవాండ్రు దూరదేశముల కూలికి పోవుచున్నారు. ప్రతి భజన సంఘమును ఒక్క పిల్లవానిని పాటతో పాటు పెట్టె మరమ్మతుకును నియమించినచో ఖర్చు స్వల్పము, లాభము తరములకు.

అటుక యెక్కిన పెట్టెను ఒకమారు దింపి, దుమ్ము దులిపి, తాళములు ప్రక్కకు తీసి, ఆ మెట్టును మరల అదిమి చూడవలెను. తీర్పు చెప్పుట ఆ పిమ్మటి మాట.