నగరంలో నిలువనీడ

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. గృహనిర్మాణం సామాన్యుని శక్తికి మించిన భారమని ఈ సామెత భావం. ఆనాడు ఆ భారం రాయి, కలప, సున్నం, కూలి వీటికి సంబంధించినది. నేటి మహానగరంలో దాని స్వరూపమే మారిపోయింది. గోడలకయ్యే వ్యయం కంటె ఆ గోడలు నిలిచే నేల వెల అనేక రెట్లు అధికమైంది. పేదల గృహసమస్యను గురించి ఆలోచించేవారు మొదట గుర్తించవలసిన సత్యమిది.

ఇందుకు హైదరాబాదే నిదర్శనం. నగరానికి పడమట కొల్లూరులో, సుమారు 145 ఎకరాలలో ప్రభుత్వం నిర్మించిన 15,660 రెండు పడకగదుల ఇళ్ళు 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. వాటి వ్యయం సుమారు 1,489 కోట్ల రూపాయలు. అనగా ఒక్కొక్క ఇంటికి దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. అదే సంవత్సరం ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూములను వేలం వేయగా, గరిష్ఠంగా ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. కొల్లూరులో ఎకరానికి సగటున 108 ఇళ్ళున్నాయి. ఆ లెక్కనే కోకాపేట నేలపై కట్టవలసివస్తే, ఒక్కొక్క ఇంటి వాటాకు వచ్చే భూమి వెలయే 93 లక్షలు దాటుతుంది. తొమ్మిదిన్నర లక్షల కట్టడానికి తొంబైమూడు లక్షల నేల! పేదల ఇళ్ళు ఊరికి దూరంగా ఎందుకు జరుగుతున్నాయో ఈ లెక్కే చెబుతుంది.

ఈ సమస్యకు రుణమే పరిష్కారమని కొందరి అభిప్రాయం. గృహనిర్మాణానికి ధనసహాయం చేయడానికి 1970లోనే 'హడ్కో' ఏర్పడింది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, అల్పాదాయ వర్గాలకు ఆరు లక్షల వరకు రుణంపై ఆరున్నర శాతం వడ్డీ రాయితీ లభించింది. ఇవి మేలుచేయలేదనడం న్యాయం కాదు. అయితే ఖరీదైన ప్రాంతంలో ఆరు లక్షల రుణం ఏ మూలకు వస్తుంది? పైగా, జీతపు చీటీ లేని కూరగాయల వ్యాపారికీ, ఇళ్ళలో పనిచేసే స్త్రీకీ బ్యాంకు తలుపు సులభంగా తెరుచుకోదు. నేల పెరగకుండా రుణం మాత్రమే పెరిగితే నేల వెల మరింత పెరుగుతుంది. అప్పుడు పేదవానికోసం ఉద్దేశించిన రాయితీ చివరకు భూస్వామి చేతికే చేరుతుంది.

భూమి వెల తనంతట తాను పెరగదు. రహదారులు, మంచినీరు, విద్యుత్తు వంటి సదుపాయాలను ప్రజాధనంతో సమకూర్చినప్పుడు అది పెరుగుతుంది. ప్రజలవల్ల పెరిగిన విలువలో కొంత భాగం ప్రజల నివాసానికే వెచ్చించడం ధర్మం. ఇది ఆచరణసాధ్యమేనని ఆస్ట్రియా రాజధాని వియన్నా నిరూపించింది. ఆ నగరపాలక సంస్థ 1923లో గృహనిర్మాణపు పన్ను విధించింది. విలాసభవనాలపై అధికంగా, చిన్న ఇళ్ళపై స్వల్పంగా ఆ పన్ను వసూలుచేసి, 1934 లోగా సుమారు అరవైవేల ఇళ్ళు నిర్మించింది. వాటిలో ఒకటి 1930లో ప్రారంభమైన 1,382 ఇళ్ళ 'కార్ల్ మార్క్స్ హోఫ్'. నగరపాలక సంస్థ దానిని అమ్మలేదు. నేటికీ అద్దెకిస్తూనే ఉంది.

భూములను అమ్మగా వచ్చే ధనంతోనే సంక్షేమ కార్యక్రమాలు సాగుతున్నాయి కదా అని ప్రశ్నించవచ్చు. ఆ వాదంలో కొంత బలం లేకపోలేదు. కాని అమ్మిన నేల తిరిగి రాదు. వచ్చిన ధనం కొన్నేళ్ళలో ఖర్చయిపోతుంది. కనుక ప్రతి వేలానికి ముందు కొంత నేలను అమ్మకుండా వేరుచేయాలి. దానిపై అద్దె ఇళ్ళు కట్టాలి. వేలంలో వచ్చిన సొమ్ములో కొంత ఆ నిర్మాణానికి కేటాయించాలి. నేల వెల లెక్కలోకి రానప్పుడు, మిగిలిన కట్టడపు ఖర్చు మితమైన అద్దెతో క్రమంగా తీరుతుంది.

తెల్లవారకముందే వీధులూడ్చేవారు, ఆసుపత్రులలో రాత్రింబవళ్ళు సేవచేసేవారు, మేడలకు కాపలా కాసేవారు లేనిదే ఏ నగరమూ ఒక్కదినం నిలువదు. వారి శ్రమ కావాలి, వారి నివాసం మాత్రం వద్దనడం నాగరికత కాదు. నగరాన్ని నిలబెట్టేవారికి ఆ నగరంలోనే నిలువనీడ కల్పించడం దయ కాదు. అది వారి ఋణం తీర్చుకోవడమే.